మందు ఆపగానే మళ్లీ మొదలైంది

మా అబ్బాయికి 23 ఏళ్లు. స్కిజోఫ్రీనియా అన్నారు. మందులతో 6 నెలల్లో కుదుటపడ్డాడని ఆపేశాం. ఇప్పుడు మళ్లీ తనలో తనే మాట్లాడుకుంటున్నాడు, అన్నంలో విషం కలిపామంటున్నాడు. గాలి సోకిందంటున్నారు బంధువులు. ఏం చేయాలి?
– ఒక తల్లి, ఏలూరు

అమ్మా, ఇది గాలీ కాదు, మీ పెంపకంలో లోపమూ కాదు. మెదడులో డోపమైన్ అనే రసాయనం పనితీరు అదుపు తప్పడం ఈ జబ్బులో ముఖ్యమైన మార్పు. లేని మాటలు అతనికి నిజంగానే వినిపిస్తాయి. లక్షణాలు తగ్గగానే మందు ఆపితే చాలామందిలో తిరగబెడుతుంది. మొదటిసారి వచ్చినా, తగ్గాక కనీసం ఒకటి రెండేళ్లు వాడాలి; మీవాడికి ఇంకా ఎక్కువ కాలమే అవసరం కావచ్చు. పాత మాత్రలు మీరే మొదలుపెట్టకుండా ఈ వారమే సైకియాట్రిస్టుకు చూపించండి. మగత, బరువు పెరగడం వంటి ఇబ్బందులుంటే చెప్పండి, మందు మార్చవచ్చు. మాత్రలు మింగనంటే నెలకోసారి వేసే ఇంజెక్షన్లున్నాయి.

విషం లేదని వాదించకండి, ఉందనీ ఒప్పుకోకండి. "నీకు భయంగా ఉంది కదా నాన్నా, అందరం ఒకే గిన్నెలోంచి తిందాం" అనండి. ఇంట్లో అరుపులు, దెప్పిపొడుపులు తగ్గితే మందుకు ఎంత బలమో! గంజాయి, మద్యం మాత్రం అసలు వద్దు.

చచ్చిపోతానన్నా, ఎవరినైనా కొట్టబోయినా, తిండీ నిద్రా మానేసినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు.