కీటకాహార మొక్కలు – ఒక ధర్మసందేహం

పెరటిపూలతో ప్రతిదినం స్వామికి మాల కట్టి సమర్పించే ఒక భక్తురాలు బోనకల్‌లో నన్ను ఇట్లా అడిగారు: "పంతులుగారూ, మొక్కంటే సాధుజీవి అనుకున్నాను. పురుగును పట్టి తినే మొక్కలున్నవని మనుమడి పాఠ్యపుస్తకంలో చూసిన నాటినుండి మనసు కలత చెందినది. పూలు పూసే జాతికి ఈ క్రౌర్యమేల?" ఈ సందేహం పలువురికి కలుగదగినదే గనుక విచారిద్దాం.

ముందుగా వస్తుస్థితి తెలియాలి. ఇవి కేవలం పరదేశపు వింతలు కావు. డ్రోసెరా అనే చిరుమొక్క మన శేషాచల పర్వతాల తడినేలల్లోనూ ఉన్నది. దాని ఆకులపై ఎర్రని నూగు, నూగుకొనలపై మంచుబిందువుల వంటి జిగురు ఉంటాయి. వాలిన పురుగు అంటుకొనగానే నూగు వంగి దానిని బంధిస్తుంది. ఆకు స్రవించే రసంలో అది జీర్ణమవుతుంది. నీటిలో పెరిగే యుట్రిక్యులేరియా తన చిన్న తిత్తులలోనికి నీటిపురుగులను రెప్పపాటుకంటె వేగంగా పీల్చుకొంటుంది. డార్విన్ 1875లో ఇటువంటి మొక్కలపై ఒక గ్రంథమే ప్రకటించాడు.

కారణమేమి? ఇవి పెరిగే నేల నిస్సారం. ఇతర మొక్కల వలెనే ఇవీ సూర్యరశ్మితో ఆహారం సిద్ధం చేసుకొంటాయి. నేల ఇవ్వలేని నత్రజని మొదలైన పోషకాలను పురుగునుండి గ్రహిస్తాయి. పువ్వు మాత్రం ఆకులకు ఎడంగా, సన్నని కాడపై పూస్తుంది.

ఇక శాస్త్రం. చెట్లు వింటాయి, చూస్తాయి, సుఖదుఃఖాలెరుగుతాయి అని శాంతిపర్వంలో భృగువు భరద్వాజునికి చెప్పాడు. కనుక మొక్క ఒక జీవి; జీవికి ఆకలి సహజం. వనపర్వంలో ధర్మవ్యాధుడు కౌశికునితో, నాగలి దున్నినా నేలలోని ప్రాణులు చస్తాయని, ధాన్యపు గింజలూ జీవులేనని చెప్పాడు. హింస బొత్తిగా లేని బ్రతుకు లేదు; యత్నంతో దానిని తగ్గించుకోవడమే ధర్మమని ఆయన నిర్ణయం.

ఆ యత్నం ఎవరికి సాధ్యం? మొక్కకు కాదు. మరొక దారి లేని జీవి ఆకలి తీర్చుకోవడం క్రౌర్యమనిపించుకోదు. విచక్షణ గల మనకే ఆ బాధ్యత. మిరపచేలపై మందు చల్లి మనం చంపే పురుగులతో పోల్చితే ఆ చిరుమొక్క తిన్నదెంత?

కావున పూలపై ప్రేమను సందేహంతో తగ్గించుకోనక్కరలేదు. పూజకు కావలసినన్నే కోయండి, మొగ్గలు గిల్లకండి, కొమ్మ విరవకండి, తేనెటీగకు కొన్ని విడవండి. తడిగట్టున డ్రోసెరా కనబడితే పెరికి తేక, అక్కడనే చూచి నమస్కరించండి. దానికి అన్నం పెట్టినవాడూ మన స్వామియే.