బడిబస్సు - అగ్నిభయం

ముద్దనూరు రహదారుల కూడలి. ఇక్కడినుండి ఒక దారి ప్రొద్దుటూరుకు, మరొకటి జమ్మలమడుగుకు, వేరొకటి పులివెందులకు సాగిపోతాయి. వేసవిలో ఈ సీమలో ఎండ నలభై డిగ్రీలు దాటుతుంది. నాపరాతి నేల ఆ వేడిని పొద్దువాలినా విడువదు. ఇటువంటి చోట బడిబస్సుకు ఏసీ ఉండడాన్ని విలాసమనలేము. అయితే చల్లదనమిచ్చే ఆ యంత్రమే ఒక్కొక్కప్పుడు నిప్పుకు మూలమవుతుంది.

పెద్ద బస్సులలో విద్యుత్తు సాధారణంగా 24 వోల్టులది. వోల్టేజి తక్కువైన కొద్దీ, అదే పనికి ఎక్కువ విద్యుత్తు ప్రవహించవలసి ఉంటుంది. ఏసీ ఫ్యాన్లన్నీ కలిసి 2,400 వాట్లు వాడుకొంటే తీగలో ప్రవహించేది 100 ఆంపియర్లు. ఎక్కడో ఒక అతుకు వదులై, అక్కడ 0.02 ఓముల నిరోధం ఏర్పడిందనుకొందాం. ప్రవాహపు వర్గాన్ని నిరోధంతో గుణిస్తే 200 వాట్లు వస్తుంది. రెండు నూరు వాట్ల బల్బుల వేడి గోరంత చోట పోగుపడుతుందన్నమాట. ఫ్యూజు కాపాడదా అని భౌతికశాస్త్రం చదివే విద్యార్థి అడుగవచ్చు. ఫ్యూజు కనిపెట్టేది అతిప్రవాహాన్ని. వదులైన అతుకు ప్రవాహాన్ని పెంచదు, కొంత తగ్గిస్తుంది కూడా. కనుక ఫ్యూజు చెక్కుచెదరదు. తీగ తొడుగు మాత్రం కరిగిపోతుంది.

ఈ లోపం ఒక్క బస్సుకే పరిమితమైతే మెకానిక్కు సరిచేస్తాడు. తయారీలోనే ఉంటే ఆ వరుసలో వెలువడిన బస్సులన్నింటిలోనూ అది పొంచి ఉంటుంది. అప్పుడు తయారీదారు ఛాసిస్ సంఖ్యలను బట్టి వాటిని గుర్తించి, వెనక్కి పిలిపించి, ఉచితంగా బాగుచేయాలి. దీనినే రీకాల్ అంటారు. అమెరికాలో దీనికి 1966లోనే చట్టం వచ్చింది. మనదేశంలో వాహన తయారీదారుల సంఘం 2012లో స్వచ్ఛంద నియమావళిని చేసుకొంది. 2019లో మోటారు వాహనాల చట్టానికి 110-ఎ సెక్షను చేరగా, 2021 ఏప్రిల్ 1 నుండి నిర్బంధ రీకాల్ నియమాలు అమలులోకి వచ్చాయి. ఇవి ఏడేళ్లు దాటని వాహనాలకే వర్తిస్తాయి. పాత బస్సులు కొని నడిపే చిన్న బడులకు ఈ పరిమితి పెద్ద లోటే. పైగా బస్సు చేతులు మారితే, తయారీదారు పంపిన లేఖ మొదటి యజమాని ఇంటికే చేరే ప్రమాదముంది. చేరినా చిక్కు తీరదు. మరమ్మతు అయ్యేదాకా ఏసీ వాడవద్దంటే, బిగించిన అద్దాల వెనుక మధ్యాహ్నపు వేళ పిల్లలను కూర్చోబెట్టడం ఎలా? బస్సును నిలిపివేస్తే, పల్లెల నుండి వారు బడికి చేరడం ఎలా?

మంటకు తయారీ లోపమే కారణం కానక్కరలేదు. 2025 అక్టోబరు 24 తెల్లవారుజామున కర్నూలు సమీపంలోని చిన్నటేకూరు వద్ద హైదరాబాదు - బెంగళూరు బస్సు కిందికి ఒక మోటారు సైకిలు చొచ్చుకుపోగా మంటలు లేచాయి. బస్సులోని 19 మంది ప్రయాణికులు మరణించారు. అద్దాలు పగులగొట్టుకొని కొందరు బయటపడ్డారు. అక్కడ ప్రాణాలను నిర్ణయించినవి కొద్ది నిమిషాలే.

ఆ నిమిషాలను పెంచే ప్రయత్నాలు లేకపోలేదు. డీఆర్‌డీఓకు చెందిన ఢిల్లీ ప్రయోగశాల రూపొందించిన వ్యవస్థను 2020 నవంబరులో ప్రదర్శించారు. అది మంటను 30 సెకన్లలోపు పసిగట్టి, 60 సెకన్లలో అణచివేస్తుంది. అందులో 80 లీటర్ల నీటి తొట్టి, నైట్రోజను సిలిండరు, నీటిని పొగమంచులా చిమ్మే 16 గొట్టాలు ఉంటాయి. బడిబస్సులలోను, దూరప్రయాణపు బస్సులలోను ప్రయాణికులు కూర్చునే భాగానికి అగ్నిహెచ్చరిక, రక్షణ వ్యవస్థలను నిర్దేశిస్తూ 2022 జనవరిలో కేంద్ర రవాణా మంత్రిత్వశాఖ ప్రకటన వెలువరించింది. దీనివల్ల ప్రయాణికులు తప్పించుకోవడానికి రెండు మూడు నిమిషాలు అదనంగా లభిస్తాయని అంచనా.

అంతకుముందే రోడ్డెక్కిన బస్సుకు ఉన్న దిక్కు డ్రైవరు పక్కనున్న అగ్నిమాపక సిలిండరు, అద్దం పగులగొట్టే సుత్తి, వెనుకనున్న అత్యవసర ద్వారం. ఆ ద్వారానికి అడ్డంగా పుస్తకాల సంచులు పేర్చి ఉన్నాయో లేదో రోజూ చూడగలిగినవారు ఆ బస్సులో ఎక్కే పిల్లలే.