డాబా ఇంటి వేడి తగ్గించడం కూడా కొలువే

మే నెలలో వరంగల్ డాబా ఇళ్లలో ఫ్యాన్ వేస్తే వడగాలే వస్తుంది. పగలంతా కాలిన స్లాబ్ అర్ధరాత్రి దాకా సెగ వదులుతూనే ఉంటుంది. ఇంటాయన ముందు పెయింటర్‌ను పిలుస్తాడు, తర్వాత ఫాల్స్ సీలింగ్ వాళ్లను, చివరికి ఏసీ మెకానిక్‌ను. ఎవరి పని వాళ్లు చేసి పోతారు. చల్లదనం పోకూడదని కిటికీ సందులు, పాత వెంటిలేటర్లు మూసేస్తారు. మామూలు స్ప్లిట్ ఏసీ గదిలోని గాలినే తిప్పుతుంది, బయటి గాలిని తేదు. ఆ ముక్క చెప్పేవాళ్లుండరు. వానాకాలానికి గోడలు చెమ్మెక్కి బూజు పడతాయి.

వేడినీ గాలినీ కలిపి చూసే మనిషి కావాలి. ఉద్యోగం ఉన్నది అక్కడే.

తెలంగాణ ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో కూల్ రూఫ్, అంటే ఎండను తిప్పికొట్టే పైకప్పుల, విధానం తెచ్చింది. 2028 నాటికి 300 చదరపు కిలోమీటర్ల పైకప్పులు లక్ష్యం. అందులో 100 హైదరాబాద్ బయటే. 600 గజాలు, ఆపైన స్థలాల్లో కట్టే ఇళ్లకు కూల్ రూఫ్ తప్పనిసరి. అంతకుముందే, 2018లో, కేంద్ర ఇంధన పొదుపు సంస్థ బీఈఈ ఎకో నివాస్ సంహిత విడుదల చేసింది. పైకప్పు గుండా వేడి దిగే రేటు, అంటే యు-వాల్యూ, 1.2 దాటకూడదంటుంది, హైదరాబాద్ లాంటి వాతావరణంలో నేల విస్తీర్ణంలో 12.5 శాతం తెరుచుకునే కిటికీలు, తలుపులు ఉండాలనీ అంటుంది. ఉత్త స్లాబ్ యు-వాల్యూ ఆ హద్దుకు రెట్టింపు పైనే. అది ఎంత తక్కువైతే వేడి అంత తక్కువ దిగుతుందని ఇంటర్వ్యూలో తడబడకుండా చెప్పగలగాలి. ఇన్సులేషన్ స్లాబ్ పైన వేస్తే మేలెందుకో కూడా: కింద వేస్తే స్లాబ్ ఎండకు వ్యాకోచిస్తూనే ఉంటుంది, పగుళ్లు రావచ్చు.

ఈ పనిలోకి రావాలంటే పదో తరగతి వాళ్లకు పాలీసెట్ రాసి సివిల్ డిప్లొమా, తర్వాత ఈసెట్‌తో బీటెక్ రెండో ఏడాదిలోకి దారి ఉంది. ఆర్కిటెక్చర్ కావాలంటే నాటా లాంటి ప్రవేశ పరీక్ష రాయాలి. ఐటీఐలో ఏసీ ట్రేడ్ చదివినవాళ్లూ తక్కువేం కాదు, యంత్రం తెలుసు కాబట్టి గాలి సంగతి త్వరగా పట్టుకుంటారు. బీఈఈ ఎనర్జీ ఆడిటర్ పరీక్షకు అనుభవం అడుగుతారు కాబట్టి హైదరాబాద్‌లోని ఐజీబీసీ (ఇండియన్ గ్రీన్ బిల్డింగ్ కౌన్సిల్) వాళ్ల అక్రెడిటెడ్ ప్రొఫెషనల్ పరీక్ష ముందు రాయడం నయం.

సర్టిఫికెట్లకన్నా కొలతలు ముఖ్యమని నా అభిప్రాయం. కూల్ రూఫ్‌కు వేసిన తెల్ల పెయింట్ మీద దుమ్ము పేరుకుంటే దాని పస తగ్గుతుంది. ఎంత తగ్గిందో ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ పెట్టి చూస్తేనే తెలుస్తుంది. ఈ ఎండలు పోకముందే మీ ఇంటి స్లాబ్ అడుగు వేడిని పొద్దున, మధ్యాహ్నం, రాత్రి కొలిచి రాయండి. కిటికీలు తీసినప్పుడొకటి, మూసినప్పుడొకటి. మొదటి ఇంటర్వ్యూకు ఆ కాగితం పట్టుకెళ్లండి.