మూలన పడ్డ రాజ్‌దూత్ 350ని మళ్లీ రోడ్డెక్కించడం ఎలా?

పాత బండి ఇంటికి చేరగానే కొత్త ప్లగ్గులు బిగించి, కాస్త పెట్రోలు పోసి, కిక్ కొట్టి చూడాలని ఎవరికైనా చేతులు దురద పెడతాయి. రాజ్‌దూత్ 350 విషయంలో ఆ ఆత్రాన్ని దయచేసి ఆపుకోండి. ఏళ్ల తరబడి కదలని టూ-స్ట్రోక్ ఇంజిన్‌లో ఆయిల్ పొర ఆరిపోతుంది, క్రాంక్ బేరింగులకు తుప్పు పడుతుంది, ఆయిల్ సీళ్లు గట్టిపడి పగుళ్లిస్తాయి. ఆ స్థితిలో అది స్టార్టయిందంటే సంతోషించాల్సింది ఏమీ లేదు. కాసేపట్లోనే బోరు గీసుకుపోతుంది, ఇక బాగు చేసుకోవాల్సింది రెండింతలవుతుంది.

ఈ బండికి ఇంత జాగ్రత్త ఎందుకో తెలియాలంటే దాని పుట్టుక తెలియాలి. యమహా వారి ఆర్‌డీ350ని లైసెన్సు మీద మన దేశంలో ఎస్కార్ట్స్ కంపెనీ 1983లో తయారు చేయడం మొదలుపెట్టింది. 347 సీసీ, రెండు సిలిండర్లు, ఆరు గేర్లు, రీడ్ వాల్వులు, ఆయిల్‌ను తనంతట తానే అందించే ఆటోల్యూబ్ పంపు: అప్పటి మన రోడ్లకు ఇవన్నీ ఊహకందని సంగతులు. జపాన్ బండికి ముందు డిస్క్ బ్రేకు ఉంటే, మనదానికి డ్రమ్ము ఇచ్చారు. ఇక్కడ వచ్చిన బండ్లు రెండు రకాలు. హెచ్‌టీ అంటే 30.5 హార్స్‌పవర్, ఎల్‌టీ అంటే 27. మైలేజీ ఇవ్వదన్న పేరుతో, స్పేర్లు దొరకవన్న భయంతో చాలా బండ్లు షెడ్లలో, గేదెల పాకల్లో మిగిలిపోయాయి. మీకు దొరికింది అలాంటిదే కావచ్చు.

కొనే ముందు కాగితాలు

ఇంజిన్ బాగుపడుతుంది, ఆర్‌సీ లేని బండి మాత్రం బాగుపడదు. ఫ్రేమ్ ముందు భాగంలో కొట్టిన ఛాసిస్ నంబరు, ఇంజిన్ మీది నంబరు ఆర్‌సీతో అక్షరం అక్షరం సరిపోవాలి. నంబరు చుట్టూ గ్రైండింగ్ చేసిన గుర్తులు కనిపిస్తే ఎంత చవకైనా వెనక్కి తిరిగి వచ్చేయండి. సొంత వాహనానికి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు చెల్లుతుంది, ఆ తర్వాత అయిదేళ్లకోసారి రెన్యువల్ చేయించుకోవాలి. పక్క రాష్ట్రం బండి అయితే ఎన్‌ఓసీ కూడా కావాలి. 2021లో వచ్చిన వింటేజ్ వాహనాల నిబంధన 50 ఏళ్లు దాటినవాటికే వర్తిస్తుంది. 1983 బండికి అది 2033లో గానీ రాదు, కాబట్టి దాని మీద ఆశ పెట్టుకుని కొనకండి.

విప్పడం

పని మొదలుపెట్టే ముందు ప్రతి వైపు నుంచీ ఫోటోలు తీయండి. కేబుళ్లు ఎటు నుంచి ఎటు వెళ్తున్నాయి, ఏ వైరు ఏ రంగు, ఏ వాషరు ఎక్కడ ఉంది, అన్నీ. విప్పిన ప్రతి బోల్టునూ చిన్న కవర్లో వేసి పేరు రాయండి. స్టార్ స్క్రూలను మామూలు స్క్రూడ్రైవర్‌తో తిప్పితే తలలు పాడైపోతాయి, ఇంపాక్ట్ డ్రైవరు కొనుక్కోండి. ఒరిజినల్ పార్టు ఏదీ, ఎంత తుప్పు పట్టినా, స్క్రాపులో వేయకండి. మార్కెట్‌లో వచ్చే కొత్త నకళ్లలో చాలావాటి కొలతలు సరిగా ఉండవు. తుప్పు పట్టిన పాతదే కొన్నిసార్లు బాగుచేయదగ్గదని తర్వాత తెలుస్తుంది.

పిస్టన్ జామ్ అయి ఉంటే కిక్ మీద నిలబడి తొక్కకండి, గేర్లో వేసి తోయకండి. ప్లగ్గులు తీసి ఆ రంధ్రాల్లోంచి డీజిల్, గేర్ ఆయిల్ కలిపి పోసి కొన్ని రోజులు వదిలేయండి. తర్వాత హెడ్ తీసి, చెక్కముక్క అడ్డంపెట్టి సుత్తితో మెల్లగా తట్టి చూడండి.

అసలు పని: క్రాంకు, సీళ్లు

నా దృష్టిలో డబ్బు ముందుగా ఖర్చు పెట్టాల్సింది ఇక్కడే. టూ-స్ట్రోక్‌లో క్రాంక్ గది గాలి, పెట్రోలు, ఆయిల్ మిశ్రమాన్ని పీల్చి, ఒత్తి పైకి పంపుతుంది. ఆ గదికి ఎక్కడ చిన్న సందు పడినా ఇంజిన్ నాశనమే. ఎడమ వైపు, అంటే పాయింట్లు, ఆల్టర్నేటర్ ఉన్న వైపు సీలు పోతే బయటి గాలి లోపలికి వస్తుంది. మిశ్రమం పలచబడి, వేడెక్కి, పిస్టన్‌కు రంధ్రం పడుతుంది. కుడి వైపు, అంటే క్లచ్ వైపు సీలు పోతే గేర్‌బాక్స్ ఆయిల్ ఇంజిన్లోకి లాగబడుతుంది. ఎంత సేపైనా తగ్గని తెల్ల పొగ, తరచూ తగ్గిపోయే గేర్ ఆయిల్ దానికి గుర్తు. రెండు సీళ్లూ తప్పకుండా కొత్తవి వేయించండి.

ఈ క్రాంక్ ప్రెస్ చేసి బిగించినది. కనెక్టింగ్ రాడ్ కిట్ మార్చాలంటే విడదీసి, మళ్లీ ప్రెస్ చేసి, డయల్ గేజ్‌తో నిటారుగా తిరుగుతోందో లేదో చూడాలి. సుత్తితో కొట్టి సరిచేసే చోట ఈ పని అప్పగించకండి. టూ-స్ట్రోక్ క్రాంక్‌లు చేసిన అనుభవమున్న లేత్ షాపు వెతకడానికి విజయవాడ ఆటోనగర్‌లో రోజంతా తిరిగినా నష్టం లేదు. స్పేర్ల కోసం చెన్నై పుదుపేట, ఢిల్లీ కరోల్‌బాగ్ కూడా పాత బండ్లవాళ్లు తిరిగే చోట్లే.

బోరు ఒరిజినల్ కొలత 64 మి.మీ. గీతలు పడితే 0.25 మి.మీ. చొప్పున పెద్దది చేసి, ఆ సైజు పిస్టన్ వేస్తారు. మొత్తం 1 మి.మీ. దాకా మాత్రమే. పిస్టన్ చేతికొచ్చాక దాన్ని కొలిచి, ఆ కొలతకే బోరు చేయించాలి, ముందే చేయించకండి. బోరింగ్ అయ్యాక పోర్టుల అంచులను నునుపుగా చెక్కించడం మరిచిపోతే రింగులు అంచుకు తగిలి విరుగుతాయి. పిస్టన్ మీది బాణం గుర్తు సైలెన్సర్ వైపు ఉండాలి. రింగు చివరలు గాడిలోని చిన్న పిన్నుకు సరిగ్గా కూర్చోవాలి.

బిగించాక లీక్ టెస్ట్ చేయండి. ఇన్‌టేక్, సైలెన్సర్ దారులు మూసి, సుమారు 6 పీఎస్ఐ ఒత్తిడి ఎక్కించి, ముల్లు నిలుస్తుందో లేదో చూడండి. పడిపోతే అతుకుల మీద సబ్బు నీళ్లు రాసి లీకు పట్టుకోవచ్చు. ఖర్చేమీ లేని ఈ పరీక్ష చాలా ఇంజిన్లను కాపాడుతుంది, అయినా చాలామంది వదిలేస్తారు.

పెట్రోలు, ఆయిల్

టాంకులో తుప్పు ఉంటే నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లు నింపి ఒకట్రెండు రోజులు ఉంచి, కడిగి, వెంటనే ఆరబెట్టి, లోపల ఆయిల్ తిప్పండి. బంకుల్లో ఇప్పుడు దొరికే పెట్రోలులో 20 శాతం వరకు ఇథనాల్ ఉంటుంది, పాత రబ్బరు దానికి తట్టుకోదు. పైపులు, ట్యాప్ వాషర్లు, కార్బొరేటర్ ఓ-రింగులు కొత్తవి కావాలి. జెట్టులను ఇనుప తీగతో పొడవకండి, రంధ్రం పెద్దదవుతుంది. రెండు కార్బొరేటర్ల స్లైడ్లు ఒకేసారి లేవాలి. రీడ్ రేకులు విరిగి లేకుండా, బిగుతుగా కూర్చున్నాయో చూడండి.

ఆటోల్యూబ్ పంపు నమ్మకం లేదని తీసేసి, పెట్రోల్లోనే ఆయిల్ కలిపే అలవాటు చాలామందికి ఉంది. నేను పంపు ఉంచమనే చెబుతాను. అది వేగాన్ని బట్టి, థ్రాటిల్‌ను బట్టి ఆయిల్ ఇస్తుంది. అయితే గొట్టంలో గాలి బుడగ ఒక్కటి కూడా ఉండకూడదు. పంపు మీది స్క్రూ వదులు చేసి బుడగలు ఆగేదాకా ఆయిల్ కారనివ్వండి. పంపు పనిచేస్తుందని రూఢి అయ్యేదాకా మొదటి టాంకులో లీటరుకు 30 మి.లీ. 2టీ ఆయిల్ కలపండి. పొగ వస్తే రానివ్వండి.

ఇగ్నిషన్, బ్రేకులు

సిలిండర్‌కొక పాయింటు ఉంటుంది. గ్యాప్ 0.3 నుంచి 0.4 మి.మీ. మధ్య పెట్టి, ప్లగ్గు రంధ్రంలో డయల్ గేజ్ పెట్టి, పిస్టన్ పైకొచ్చే ముందు 2 మి.మీ. దగ్గర పాయింటు విడిపోయేలా సరిచేయాలి. రెండు సిలిండర్లకూ విడివిడిగా చూడాలి. కంటితో అంచనా వేయడం వద్దు. స్పార్కు బ్యాటరీ మీద ఆధారపడుతుంది కాబట్టి బ్యాటరీ కొత్తదే మంచిది.

ముందు డ్రమ్ములో రెండు షూలూ ఒకేసారి ఒత్తాలి, ఆ లింకు రాడ్డు సరిచేయకపోతే బ్రేకు సగమే పడుతుంది. పాత లైనింగులలో ఆస్బెస్టాస్ ఉండొచ్చు. దుమ్మును గాలితో ఊదకుండా తడిగుడ్డతో తుడవండి. టైర్లు ఎంత బాగున్నా పాతవైతే మార్చేయండి. పక్క గోడ మీది నాలుగు అంకెల్లో మొదటి రెండు వారం, చివరి రెండు సంవత్సరం.

మొదటి స్టార్టు, మొదటి 500 కిలోమీటర్లు

ఇప్పుడు కిక్ కొట్టండి. బీ8హెచ్‌ఎస్ ప్లగ్గులతో మొదలుపెట్టి, కొన్ని కిలోమీటర్లు తిరిగాక తీసి చూడండి. గోధుమ రంగు ఉంటే సరే. తెల్లగా ఉంటే వెంటనే ఆపేయండి, మిశ్రమం పలచబడింది, లీకో జెట్టో వెతకాలి. 500 కిలోమీటర్ల దాకా పూర్తి థ్రాటిల్ తెరవకండి, ఒకే వేగంలో ఎక్కువసేపు పోకండి. ఎడమ చేతి వేళ్లు ఎప్పుడూ క్లచ్ మీదే ఉండాలి. ఇంజిన్ ఒక్కసారి బిగుసుకున్నట్టు అనిపించిందా, క్లచ్ పట్టేయండి. లేకపోతే వెనక చక్రం లాక్ అయిపోతుంది. తర్వాత ఇంజిన్ చల్లబడ్డాక హెడ్ నట్లు ఎదురెదురుగా మళ్లీ బిగించి, గేర్ ఆయిల్ మార్చండి, టైమింగ్ మరోసారి చూడండి.

రంగు వేయించే మాట ఇక్కడే వస్తుంది, ముందు కాదు. మెకానికల్ పని నడుస్తున్నంతసేపూ టాంకు, ఫ్రేము గీతలు పడుతూనే ఉంటాయి. లీకులేమీ లేవని తేలాక, పాత రంగు కింద దాగిన ఒరిజినల్ షేడ్‌ను చిన్న చోట గీకి చూసుకుని, ఆ షేడే కలిపి వేయించండి. గీతల స్టిక్కర్లు, మోనోగ్రాములు ఆఖరికి అతికించండి.