పెరటి పెట్టల లైంగిక పరిపక్వత: వయస్సుతో పాటు పరిశీలించవలసిన అంశాలు

2015లో బోధన్‌లోని నిజాం చక్కెర కర్మాగారం మూతపడిన తరువాత, చెరకుపై ఆధారపడిన కుటుంబాలకు అనుబంధ ఆదాయం మరింత అవసరమైంది. పెరటి కోళ్ల పెంపకం అటువంటి ఆదాయ మార్గాలలో ఒకటి. అయితే ఐదు నెలలు నిండినా గుడ్డు పెట్టని పెట్టను పనికిరానిదిగా భావించి అమ్మివేస్తే, ఉత్పత్తి ప్రారంభం కాకముందే పెంపకపు ఖర్చు వృథా అవుతుంది. కనుక పరిపక్వతను సరిగా గుర్తించడం ఆర్థికంగా కీలకం.

జాతి ప్రభావం: పెట్ట తొలి గుడ్డు పెట్టే వయస్సును దాని లైంగిక పరిపక్వతకు ప్రమాణంగా తీసుకుంటారు. వాణిజ్య లేయర్ కోళ్లు 18–20 వారాలకే గుడ్లు పెట్టడం ప్రారంభిస్తాయి. హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ రూపొందించిన గ్రామప్రియకు సుమారు ఐదున్నర నెలలు, వనరాజాకు సుమారు ఆరు నెలలు పడుతుంది. నాటు పెట్టలకు ఆరు నుండి ఏడు నెలలు పట్టవచ్చు.

పగటి వెలుగు: నిజామాబాదు ప్రాంతంలో పగటి నిడివి డిసెంబరులో సుమారు 11 గంటలు, జూన్‌లో సుమారు 13 గంటలు ఉంటుంది. జనవరిలో పొదిగిన పిల్లలు పెరుగుతున్న పగటిలో ఎదుగుతాయి కనుక త్వరగా పరిపక్వమవుతాయి. జూలైలో పొదిగినవి తగ్గుతున్న పగటిలో ఎదుగుతాయి కనుక ఆలస్యమవుతాయి. అందువల్ల ఒకే జాతి పిల్లలను వేర్వేరు కాలాలలో పంపిణీ చేసినపుడు తొలి గుడ్డు వయస్సును నేరుగా పోల్చరాదు.

శరీర బరువు: నూకలు, తవుడు మాత్రమే తినే పెట్టలకు మాంసకృత్తులు చాలక ఎదుగుదల మందగించి, పరిపక్వత వెనుకబడుతుంది. మేత మితిమీరితే వనరాజా వంటి బరువైన పెట్టలలో కొవ్వు చేరి గుడ్ల సంఖ్య తగ్గుతుంది. కనుక రెండు వారాలకొకసారి కొన్ని పెట్టలను తూచి మేతను సరిచేయాలి.

గుర్తించే విధానం: పరిపక్వతకు చేరువైన పెట్ట జుట్టు, తమ్మెలు ఎర్రబడి పెద్దవవుతాయి. వీపుపై చేయి వేస్తే అది ఒదిగి కూర్చుంటుంది. గుదద్వారం ఇరువైపులా ఉన్న కటి ఎముకల మధ్య రెండు, మూడు వేళ్లు పడితే గుడ్లు పెడుతున్నట్లు, ఒక వేలు మాత్రమే పడితే ఇంకా పెట్టడం లేదని భావించవచ్చు.

ఈ దశలో ఆల్చిప్పల పొడిని విడి పాత్రలో ఉంచాలి. సున్నం అధికంగా ఉండే లేయర్ దాణాను మరీ ముందుగా ఇస్తే మూత్రపిండాలు దెబ్బతింటాయి.

విస్తరణ శాస్త్రవేత్తలు రైతుకు ఒకే తేదీ చెప్పక, జాతి, పొదిగిన నెల, బరువు, ఎముకల ఎడం అనే నాలుగింటినీ కలిపి చూపాలి. వీటిని పరిశీలించిన తరువాతనే పెట్టను ఉంచాలో, అమ్మాలో నిర్ణయించడం ఉచితం.