విశ్వాసం తక్కువై కాదు తల్లీ

నా చిట్టితల్లికి,



నువ్వు చివర్లో అడిగిన ప్రశ్నకే ముందు జవాబు చెబుతాను. నీ విశ్వాసం ఇంకాస్త గట్టిగా ఉండి ఉంటే మీ ఆయన బతికేవాడా అని అడిగావు. లేదమ్మా. ఆ క్యాన్సర్ ఊపిరితిత్తులు దాటి ఎముకల్లోకి పాకాక గానీ బయటపడలేదు. దానికీ నీ ప్రార్థనకూ ముడిపెట్టకు. నా ఉద్యోగమంతా మిషన్ ఆసుపత్రి వార్డుల్లోనే గడిచింది. రాత్రంతా మోకాళ్లమీద ఉన్న తల్లుల బిడ్డలు పోవడం చూశాను. దేవుడి పేరెత్తనివాళ్లు కోలుకుని తమ కాళ్లమీద నడిచి ఇంటికి వెళ్లడమూ చూశాను. భక్తిని కొలిచి ఆయుష్షు పంచే దేవుణ్ణి నేను ఎరగను.

నీ విశ్వాసం చాలలేదన్న మాట నీతో ఆదరణ కూడికలోనే అన్నారట. చదివితే నాకు ఒళ్లు మండింది. యోబు స్నేహితులు కూడా మొదట మంచిపనే చేశారు. వారం రోజులు అతని పక్కన నేలమీద కూర్చున్నారు, నోరు మెదపలేదు. అక్కడితో లేచి వెళ్లిపోయినా ఎంతో మేలు చేసినవాళ్లయ్యేవారు. నోరు విప్పాకే మొదలైంది, నువ్వేదో పాపం చేసి ఉంటావు, లేకపోతే ఇంత కష్టం ఎందుకొస్తుంది అని. చివరికి 42వ అధ్యాయంలో దేవుడికి ఎవరిమీద కోపం వచ్చిందో చూడు. తనను నిలదీసి అరిచిన యోబును ఆయన వెనకేసుకొచ్చాడు. తన తరఫున వాదించామనుకున్న ఆ స్నేహితుల్ని గద్దించాడు.

చచ్చిపోతే బాగుండు అనిపిస్తోందని రాయడానికి నువ్వు సిగ్గుపడ్డావు. ఏలీయా సిగ్గుపడలేదు తల్లీ. కర్మెలు కొండమీద అంత గెలుపు చూసినవాడు, యెజెబెలు కబురు వినగానే బెయేర్షెబా దాటి అడవిదారి పట్టాడు. బదరీ చెట్టు కింద కూలబడి తన ప్రాణం తీసేయమని దేవుణ్ణే అడిగాడు. మొదటి రాజుల గ్రంథం 19వ అధ్యాయం తీసి నిదానంగా చదువు. వచ్చిన దూత ప్రసంగం చెప్పలేదు, విశ్వాసం ఏమైందని అడగలేదు. తట్టి లేపి, నిప్పులమీద కాల్చిన రొట్టె, కూజాలో నీళ్లు చూపించాడు. తిని మళ్లీ పడుకుంటే పడుకోనిచ్చాడు. రెండోసారి లేపి, ఇంకా చాలా దూరం నడవాలి, మళ్లీ తినమన్నాడు. హోరేబు కొండ, దేవుడి స్వరం, కొత్త పని, తోడుగా ఎలీషా, ఇవన్నీ ఆ తర్వాతే. ముందు నిద్ర, తిండి, నీళ్లు. నర్సుగా చెబుతున్నాను, ఆ వరస సరైంది. రాత్రిపూట అన్నం మానేశావని మీ అమ్మ చెప్పింది. ఇప్పుడు నీ ఒంటికి ఉపవాస ప్రార్థన పనికిరాదు. ఇంత పప్పన్నం తిను. పొద్దున్నే కాసేపు మేడమీద ఎండలో నడువు.

ఇక దిగులు తగ్గడానికి డాక్టరు ఇచ్చిన ఆ మాత్రల సంగతి. స్వస్థత కూటంలో నూనె రాసి, ఇంక మందులు అక్కర్లేదన్నారని రాశావు. మాత్రలు ఆపకు. అవి పనిచేస్తున్నట్టు తెలియడానికే రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది, కొందరికి ఇంకా ఎక్కువే. ఉన్నట్టుండి మానేస్తే తల తిరుగుతుంది, నిద్ర పట్టదు, ఉన్న దిగులు తిరగబెట్టవచ్చు. తగ్గించాల్సినప్పుడు ఆ డాక్టరే మెల్లమెల్లగా తగ్గిస్తారు. నూనె రాసి ప్రార్థించడం యాకోబు పత్రికలో ఉంది, నేను కాదనను. ప్రార్థనా చేయించుకో, మాత్రా వేసుకో. సువార్త రాసిన లూకా వైద్యుడే కదా. పౌలు చేతులమీదుగా ఎందరో బాగుపడ్డారు. అయినా త్రోఫిమును జబ్బుతోనే మిలేతులో వదిలి రావలసి వచ్చిందని తిమోతికి రాశాడు. తన ఒంట్లోని ముల్లు తీసెయ్యమని మూడుసార్లు వేడుకున్నా అది పోలేదు. పౌలుకు విశ్వాసం చాలలేదని ఎవరైనా అనగలరా?

రాత్రివేళ చచ్చిపోవాలన్న ఆ ఆలోచన తరుముకొస్తే ఎంత పొద్దుపోయినా సరే నాకు ఫోన్ చెయ్యి. నేను ఎత్తకపోతే 14416కి చెయ్యి. అది ప్రభుత్వం నడిపే టెలి మానస్. రాత్రింబవళ్లు పలుకుతారు, డబ్బు తీసుకోరు, తెలుగులోనే మాట్లాడవచ్చు. ఈ నంబరు ఇప్పుడే ఫోన్‌లో వేసుకో.

ప్రార్థన రావడం లేదన్నావు. 88వ కీర్తన తీసి చూడు. ఏడ్చే కీర్తనలు చాలా ఉన్నాయి గానీ ఎక్కువ భాగం చివరికి స్తుతివైపు తిరుగుతాయి. ఇది తిరగదు, చీకట్లోనే ముగుస్తుంది. అయినా దాన్ని ప్రార్థనగానే మనకు అందించారు. అదీ చదవలేని రోజు ఊరికే కూర్చో, నీ వంతు మేం చేస్తాం. కపెర్నహూములో పక్షవాతం వచ్చిన మనిషిని నలుగురు మోసుకొచ్చి, ఇంటి కప్పు విప్పి కిందికి దించారు గదా. యేసు వాళ్ల విశ్వాసం చూశాడని మార్కు రాశాడు. పరుపుమీద ఉన్నవాడు ఒక్క మాటైనా అన్నట్టు రాయలేదు. సంఘం ఉన్నది ఇందుకే తల్లీ. ఇప్పుడు నువ్వు పడుకుని ఉన్నావు, మోసే వంతు మాది.

మన ఒంగోలు ప్రాంతపు సంఘాలు పెరిగింది కూడా ఇలాంటి కాలంలోనే. 1876–78 కరువులో మిషనరీ క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల పని కాంట్రాక్టుకు తీసుకుని, ఆకలితో వచ్చినవాళ్లకు కూలి ఇప్పించారు. తిండి కోసం మతంలో కలిశారన్న మాట రాకూడదని, కరువు సాయం నడిచినంతకాలం బాప్తిస్మాలు ఆపేశారు. సాయం ముగిశాక కూడా జనం వచ్చారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. మనవాళ్లు ఆ అంకె గర్వంగా చెప్పుకుంటారు. నాకు మాత్రం ఆ ముఖాలు ఎలా ఉండి ఉంటాయా అనిపిస్తుంది. కరువు, కలరా దాటి వచ్చినవాళ్లు. ఇంట్లో ఒక్కరినీ పాతిపెట్టకుండా ఆ నీళ్లదాకా వచ్చినవాళ్లు ఎందరుంటారు? ఇక కష్టం రాదని ఎవరో చెబితే నమ్మే మనుషులు కారు వాళ్లు. తమలాగే దెబ్బలు తిని, ఆకలి తెలిసి, చచ్చి లేచిన దేవుడని విని వచ్చారని నేననుకుంటాను.

యేసు లేచాక కూడా చేతుల్లో మేకుల గాయాలు అలాగే ఉన్నాయి. తోమాకు వాటినే చూపించాడు. మరణాన్ని గెలిచిన దేహానికే మచ్చలు ఉండగా, నీకు ఎందుకు ఉండకూడదు? ఇన్నాళ్లయినా మర్చిపోలేదా అనేవాళ్ల మాట వినకు. మీ ఆయన చొక్కాలు బీరువాలో ఉంచుకోవాలనిపిస్తే ఉంచుకో. ఏదో ఒకరోజు కూర రుచి తెలుస్తుంది, పిల్లాడి మాటకు నవ్వొస్తుంది. అప్పుడు ఆయనకు ద్రోహం చేశానని మాత్రం అనుకోకు. లాజరును లేపబోతూ కూడా యేసు ముందు ఏడ్చాడు. నీ ఏడుపూ నీ నమ్మకమూ ఒకే గుండెలో ఉండవచ్చు.

ఆదివారం చర్చికి వెళ్లగలిగితే వెళ్లు. వెనక వరసలో కూర్చో, ఎవరినీ పలకరించలేననిపిస్తే దీవెన అయిన వెంటనే వచ్చెయ్. సాక్ష్యం చెప్పమని ఒత్తిడి చేస్తే, ఇప్పుడు చెప్పలేనని అను, చాలు. మళ్లీ డాక్టరును చూసే తేదీ రాయి, ఈసారి నేను వచ్చి నీ పక్కన కూర్చుంటాను. మందుల చీటీ ఫొటో తీసి ఈ రోజే పంపు. వేసవి సెలవులకు పిల్లాణ్ణి తీసుకుని ఒంగోలు వచ్చెయ్, వాడిని చూసుకోవడానికి ఇక్కడ ఇంతమందిమి ఉన్నాం.

నీ పెద్దమ్మ