కంది కట్టె కంపోస్టుకు సేంద్రియ నత్రజని జోడింపు

నల్లమల, వెలిగొండ కొండల నడుమ ఉన్న బేస్తవారిపేట, కంభం, గిద్దలూరు ప్రాంతంలో వర్షాధార సేద్యమే అధికం. కంది, పత్తి కోతల అనంతరం మిగిలే కట్టె కొంత వంటచెరకుగా పోగా, మిగిలినది తరచుగా పొలం గట్లపై కాలిపోతుంది. కాల్చినప్పుడు కట్టెలోని నత్రజని దాదాపు అంతా గాలిలో కలిసిపోతుంది. సేంద్రియ కర్బనం 0.5 శాతం కంటే తక్కువగా ఉండే మెట్ట ఎర్ర నేలలకు ఇది చిన్న నష్టం కాదు.

కట్టెను కుప్ప వేసినా ఏడాదికి కూడా కుళ్ళదని రైతులు చెప్పే మాట వాస్తవమే. కట్టెలో కర్బనం ఎక్కువ, నత్రజని తక్కువ. కుళ్ళబెట్టే సూక్ష్మజీవులు చురుకుగా పనిచేయాలంటే ప్రతి 25 నుండి 30 పాళ్ళ కర్బనానికి ఒక పాలు నత్రజని ఉండాలి. కంది కట్టెలో ఈ నిష్పత్తి 60 దాటుతుంది. సగం కుళ్ళిన కట్టెను నేలలో వేస్తే సూక్ష్మజీవులు ఆ కొరతను నేలలోని నత్రజనితో తీర్చుకుంటాయి. ఫలితంగా పైరు పసుపు రంగుకు తిరుగుతుంది.

ఒక టన్ను ఎండు కట్టెలో సుమారు 450 కిలోల కర్బనం, 7 కిలోల నత్రజని ఉంటాయనుకుందాం. నిష్పత్తిని 30కి తేవడానికి 4 శాతానికి పైగా నత్రజని గల ఆముదపు పిండి అయితే దాదాపు 290 కిలోలు కావాలి. గ్లైరిసీడియా పచ్చి రొట్ట అయితే రెండున్నర టన్నులు అవసరం. పిండి కొనడం ఖర్చు. అంత రొట్ట ఈ మెట్టలో దొరకడం కష్టం. 2 శాతం నత్రజని గల ఎండు గొర్రెల ఎరువు మాత్రం కట్టెతో దాదాపు సమాన బరువులో సరిపోతుంది. గొర్రెల మందలు తిరిగే ఈ ప్రాంతానికి మా దృష్టిలో ఇదే అనువైన మార్గం. ఎరువు కొంత తగ్గితే ఆ మేరకు గట్లపై పెంచిన గ్లైరిసీడియా, కానుగ రొట్టతో పూరించవచ్చు. వేరుశనగ పిండిని కుప్పలో వేయడం వృథా. దానిని పశువుకు మేపి పేడను వాడుకోవడమే మేలు. ఆముదపు పిండి పశువులకు విషతుల్యం, కనుక వాటికి అందకుండా నిల్వ చేయాలి.

కట్టెను వేళ్ళ పొడవు ముక్కలుగా నరికించాలి. పత్తి కట్టెను ఇలా ముక్కలు చేసి కుళ్ళబెడితే గులాబి రంగు పురుగు అవశేషాలు కూడా నశిస్తాయి. వేసవిలో నీరు కరువు కనుక ముక్కలను ఒకచోట చేర్చి ఉంచి, తొలకరి వానలకు నీరు నిలవని మెరక స్థలంలో మూడడుగుల లోతు గుంత నింపడం మంచిది. కట్టె ముక్కలు, గొర్రెల ఎరువు, రొట్టలను పొరలుగా పరచి, ప్రతి పొరపై పేడ నీళ్ళు చల్లాలి. పశువుల కొట్టంలో మూత్రం ఇంకిన మట్టిని కూడా పొరల మధ్య వేయాలి. ఖర్చు లేని నత్రజని అది. చివరగా చెరువు మట్టితో మెత్తి మూయాలి. గుప్పెడు పదార్థాన్ని పిండితే చేయి తడవాలి, నీరు ధారగా కారకూడదు. నెలకొకసారి తిరగవేస్తే నాలుగైదు నెలల్లో ఎరువు సిద్ధమవుతుంది.

కుప్ప నుండి ఘాటైన వాసన వస్తుంటే నత్రజని అమ్మోనియాగా పోతున్నదని గ్రహించి, మట్టి కప్పి తడి సరిచేయాలి. పొయ్యి బూడిదను పెంటకుప్పలో పోసే అలవాటు మన గ్రామాల్లో ఉంది. బూడిద క్షారగుణం వల్ల ఈ నష్టం మరింత పెరుగుతుంది. దానిని విడిగా పొలంలో చల్లుకోవాలి. వేప పిండి కలపదలిస్తే కుప్ప వేడి తగ్గాక, పొలానికి తోలే రెండు వారాల ముందు కలపాలి.

ఈ ఎరువు యూరియాకు తొలి ఏడాదే ప్రత్యామ్నాయం కాదు. 1.5 శాతం నత్రజని గల కంపోస్టును ఎకరాకు ఎండు బరువులో 2 టన్నులు వేస్తే 30 కిలోల నత్రజని చేరుతుంది. తొలి పంటకు అందులో మూడో వంతు, అంటే అర బస్తా యూరియాతో సమానమైనంత అందుతుందని భావించవచ్చు. మిగిలినది నేలలో ఉండి తేమను పట్టి ఉంచుతూ తరువాతి పంటలకు క్రమంగా అందుతుంది. కంది తన నత్రజనిని వేరుబుడిపెల ద్వారా చాలావరకు తానే సమకూర్చుకుంటుంది. అందువల్ల కంది చేలో వచ్చిన కట్టెతో చేసిన ఎరువును తిరిగి కందికే వేయక, మిరప లేదా పత్తి వేయబోయే చెక్కకు ఆఖరి దుక్కిలో వేసి, అదే రోజు కలియదున్నాలి.